చీరల ఆర్డర్ అయిపోయాక

నాకు కోపం ఎక్కువ. జగిత్యాలలో మా ల్యాబు మొత్తానికీ తెలుసు. అందుకే నన్ను రోగుల జోలికి పోనివ్వరు, మైక్రోస్కోపుతో వదిలేస్తారు.

ఆ రోజు మాత్రం సిరిసిల్ల రాజం నేరుగా నా గదిలోకే వచ్చాడు. వెనకాల ఆయన భార్య సత్యవ్వ. వాళ్లకు నాలుగు సాంచాలున్నాయి. మరమగ్గాలను అక్కడ అట్లాగే అంటారు.

"మీరు సూది పొడిసినంకనే మా ఇంటామె గడ్డ చంకలకు పాకింది. పొడువకుంటే గట్లనే ఉంటుండె!" అని మీదికొచ్చాడు.

నాకు ఒళ్లు మండింది. "గిట్ల కూసో కాకా, సూపిస్త," అని రెండు స్లైడ్లూ తెర మీద పెట్టాను.

మొదటిది ఎండాకాలంలో ఆమె రొమ్ము గడ్డలోంచి పరీక్ష కోసం సూదితో తీసింది. రొమ్ములో పాలగొట్టాలు కట్టే కణాలవి. క్యాన్సర్ పట్టినా వాటికి తమ పని ఇంకా గుర్తుంది. వంకరటింకరగానైనా, పక్కదాన్ని పట్టుకుని గొట్టాల్లాగే నిలబడ్డాయి. రెండోది మొన్న చంకలోంచి తీసింది. అందులో గొట్టమన్నదే లేదు. పని మరిచి, ఒకదాన్నొకటి వదిలేసి, దొరికిన సందులోకల్లా దూరిపోతున్నాయి.

"గిది సూది చేసింది కాదు. కణం ఒకటి రెండైనకొద్ది దాంట్ల తప్పులు పేరుకుంటయ్. ఆఖరుకు పక్కదాన్ని ఇడిసిపెట్టి దొరికిన తొవ్వ వట్టి పోతది. దానికి కావలసింది టైమే. అప్పుడే ఆపరేషన్ అని డాక్టర్లు చెప్పిండ్రు గద! ఎందుకు ఆగిండ్రు?"



"నేనే ఆగుదామన్న డాక్టరమ్మా," అంది సత్యవ్వ. "చీరల ఆర్డర్ నడుస్తుండె. నేను లేకుంటే దారం కండెలు సుట్టేటోళ్లెవ్వరు? నొప్పి సుత లేకపాయె."

ఆమె అంటున్నంతసేపూ రాజం మొహం పక్కకు తిప్పుకున్నాడు. అప్పుడు అర్థమైంది నాకు. తప్పు సూదిది కాకపోతే అది ఆయన మీదే పడుతుంది. అందుకే పనిగట్టుకుని ఇంత దూరమొచ్చి నాతో కొట్లాటకు దిగాడు. నా కోపమంతా దిగిపోయింది. పాపమనిపించింది.

"అబద్ధం చెప్తున్నది మేడం," అన్నాడు రాజం. "పోదమని అదే మొత్తుకున్నది. ఆర్డర్ అయినంక సూద్దామని నేనే ఆపిన. గిప్పుడన్న బతుకుతదా?"

ఉత్త ధైర్యం చెప్పడం నాకు చేతకాదు. "చంక దాటి పోయిందో లేదో స్కాన్ చేస్తే తెలుస్తది. దాటకుంటే మందులతోని గట్టిగ కొట్లాడొచ్చు. దాటితే కష్టమే. ఇంక ఒక్క దినం సుత ఆగొద్దు. పసరు గిసరు అని తిరిగిండ్రో, నేను ఊకోను!"

రాజం వెంటనే కొడుకు ధనుంజయ్‌కు ఫోన్ చేశాడు.

"సాంచాలన్ని బందువెట్టురా. చీర సగంల ఉంటే ఉండనియ్యి."

అవతల కొడుకు ఎందుకని అడిగినట్టున్నాడు.

"మీ అవ్వను పట్నం దవఖానకు తీస్కపోతున్న," అన్నాడు సత్యవ్వను చూస్తూ.

గడ్డ క్యాన్సరని చెప్పిన రోజు కూడా ఏడవని సత్యవ్వ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఎండాకాలం నుంచీ ఆమె ఎదురుచూసింది ఆ ఒక్క మాట కోసమే.