కొలవని బోల్టు

ఆటోనగర్‌లో బోల్టుల కొట్లో పొద్దంతా నిలబడి వచ్చిన నజీమా, పీకుతున్న కాళ్లు చాపుకుని ఐసెట్ మోడల్ పేపర్ ముందేసుకుంది. 612లో 49 శాతం దాదాపు ఎంత? 240, 300, 360. పేపరు అంచున గుణించింది. అనుమానమొచ్చి మళ్లీ గుణించింది. ప్రతి లెక్కా అలాగే చేసింది. టైమైపోయింది.

మెకానిక్ పని చేసే తండ్రి బడే మియా తొంగిచూశాడు. "సగానికి కాస్త తక్కువ. మూడొందలేగా? కొట్లో బోల్టు అడిగితే కొలిచిస్తావా, చూసిస్తావా?"

"చూసే ఇస్తా అబ్బా. అక్కడ తప్పయితే మార్చివ్వొచ్చు. ఇక్కడ తప్పయితే ఇంకో ఏడాది ఆగాలి."

ఆయన పేజీ తిప్పి, ఆమె ముట్టుకోకుండా వదిలేసిన ఇరవై ప్రశ్నలూ చూశాడు.

"ఇవి మాత్రం ఒక్కటీ తప్పు పోలేదులే," అన్నాడు.