చీటీ మీద కొలత

ఆమె నర్సు. పెద్దాసుపత్రికి బదిలీ అయితే భర్త వెంట వచ్చాడు. పద్దెనిమిదేళ్లుగా నడిపిన కుట్టు దుకాణానికి తాళం వేసి, చేతికి అలవాటైన కత్తెర ఒక్కటే సంచిలో పెట్టుకుని మహానగరంలో దిగాడు.

ఇక్కడ ఒక పెద్ద బట్టల కొట్టులో పని దొరికింది. కుట్టేవాళ్లంతా కింది అంతస్తులో ఉంటారు. కొన్న బట్టలకు చీటీ గుచ్చి పైనుంచి పంపుతారు. పొడవు తగ్గించమనో, నడుము బిగించమనో అందులో రాసి ఉంటుంది. వేసుకునే మనిషి మాత్రం కంటికి కనపడడు. సొంత ఊళ్లో అయితే మనిషి గుమ్మం ఎక్కేలోపే చూపుతో కొలత తీసేవాడు. ఎవరికి పొట్ట పెరిగిందో వాళ్లావిడ కంటే ముందు ఆయనకే తెలిసేది.

"మనిషిని చూడకుండా కుట్టడమేంటోయ్?" అన్నాడు పక్క మిషను బక్కాయనతో.

"చీటీని చూస్తున్నాం కదా అన్నయ్యా," అన్నాడు బక్కాయన తలెత్తకుండానే.

మూడో నెలలో ఒక నల్ల ప్యాంటు వచ్చింది. ఎడమ కాలు అంగుళం తగ్గించమని ఉంది. కుడికాలి ఊసే లేదు. పైన చీటీ రాసిన పిల్ల మర్చిపోయిందనుకున్నాడు. పైకెళ్లి అడగడానికి మొహమాటపడి, రెండు కాళ్లూ సమానంగా తగ్గించి పంపేశాడు.

మర్నాడు మధ్యాహ్నం పైనుంచి పిలుపొచ్చింది. కౌంటరు దగ్గర ముప్పయ్యేళ్ల ఆవిడ ప్యాంటు పట్టుకుని నిలబడి ఉంది. ఆమె రెండడుగులు వేసేసరికి ఆయనకు సంగతి అర్థమైంది. ఆమెకు ఎడమ కాలు పొట్టి.

"తప్పు నాదేనమ్మా," అన్నాడు. "చీటీ సరిగ్గానే ఉంది. నేనే సొంత తెలివి ఉపయోగించాను."

"రేపే కొత్త ఉద్యోగంలో చేరాలండి. అందరి ముందూ..." ఆమె ప్యాంటు ఆయన ముందుకు చాచింది.

"గుడ్డ కత్తిరించలేదు తల్లీ, లోపలికి మడిచానంతే. పిల్లలు ఎదుగుతారని మా ఊళ్లో అలాగే చేసేవాణ్ణి. రేపు వేసుకునే చెప్పులు ఇవేనా?"

"కాదు, వేరే ఉన్నాయి. ఎడమదానికి అదనంగా ఒక పొర వేయించాను."

"అయితే ఎడమకాలికి అంగుళం తగ్గిస్తే ఎక్కువైపోతుంది. అవి తెచ్చారా?"

సంచిలోనే ఉన్నాయి. ప్యాంటు వేసుకొచ్చాక ఆమెను నిలబెట్టి, తాను నేల మీద మోకాళ్లూని గుండుసూదులు గుచ్చాడు. "కిందికి చూడకండి, కొలత మారిపోతుంది." ఎడమకాలికి అర అంగుళం తగ్గిస్తే సరిపోయింది.

"ఇంతవరకూ ఎవరూ చెప్పుల సంగతి అడగలేదు," అందామె. "ఈ ఊరికి కొత్తా మీరు?"

"మూడు నెలలు."

"నాకు నాలుగేళ్లు. నేనూ కొత్తే."

కుడికాలి మడత విప్పేసి, గంటలో కుట్టిచ్చాడు. ఆమె అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుని, తల పంకించి వెళ్లిపోయింది. ఇదంతా గమనిస్తున్న మేనేజరమ్మ, "రోజూ ఓ గంట పైకొచ్చి కొలతలు తీస్తారా మాస్టారూ?" అని అడిగింది.

"రెండు గంటలైనా వస్తానండీ."

సాయంత్రం భార్యకు అంతా పూసగుచ్చినట్టు చెప్పాడు.

"ఇక్కడికొచ్చాక నువ్వింత మాట్లాడటం ఇదే మొదలు," అందామె. "నాకింకా బస్సు నంబర్లే తలకెక్కట్లేదు. మొన్న తప్పు బస్సెక్కి ఊరి చివరిదాకా పోయాను."

"చెప్పలేదేం?"

"నవ్వుతావని."

నవ్వనే నవ్వాడు. కాసేపటికి ఆమె కూడా నవ్వింది. ఏ బస్సు ఎటు పోతుందో చూసొద్దామని, పొద్దుండగానే ఇద్దరూ తలుపు తాళం వేసి బయల్దేరారు.