పొగ గొట్టానికి మూడు టోపీలు

నాకు కోపం తొందరగా వస్తుంది, గొంతు పెద్దది. ఈ రెండూ బళ్లో పనికొస్తాయి, ఇంట్లో పనికిరావని మా ఆయన దేవానందం పెళ్లయిన కొత్తలోనే తేల్చేశాడు. నలభై ఎనిమిదో సంవత్సరం వానాకాలంలో ఆ కోపమంతా మా వంటింటి పొగ గొట్టం మీద పడింది.

మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్‌లో మాది బొగ్గుల పొయ్యి. పొగ గోడలోని గొట్టం గుండా కప్పు మీదికి పోవాలి. జూలై నుంచి పోవడం మానేసి ఇంట్లోకే రావడం మొదలుపెట్టింది. వానలకు బయట వండే వీలు లేదు. మా అత్తమ్మ ఏసురత్నానికి ఉబ్బసం. పొయ్యి రాజేసిన పావుగంటకే గుమ్మం పట్టుకుని వంగిపోయి ఊపిరి కోసం కొట్టుకునేది. పొగకు కళ్లు ఎర్రబడి చూపు కూడా మసకేసింది. డాక్టరు చూసి, ఈ పొగ ఆగకపోతే ఆమె చలికాలం దాటదని నా మొహం మీదే చెప్పాడు. ఆ రోజు నుంచి నాకు వేరే ఆలోచన లేదు, గొట్టం మీద సరైన టోపీ పెట్టించాలి.

ఏ టోపీ? అక్కడే నా మతి పోయింది. రేకుల పనిచేసే తుకారాం గొడుగులాంటిది చాలన్నాడు, వాన లోపలికి దిగదని. గాలి మారేడ్‌పల్లి వైపు నుంచి కొట్టి పొగను కిందికి తోస్తోంది కాబట్టి, తోక ఉండి గాలితోపాటు తిరిగేది కావాలని మా ఆయన. పక్క క్వార్టర్ మేబెల్ దొరసాని తమ గొట్టం మీది రెండు మూతుల టోపీ చూపించి, ఇరవై ఏళ్లుగా ఇంట్లో పొగన్నదే ఎరగమంది. ఎవరు చెప్తుంటే వాళ్లదే నిజమనిపించేది.

ముందు గొడుగు పెట్టించాను. పొగ ఆగలేదు. అత్తమ్మ దగ్గుతూనే, తిరిగేది పెట్టించు బిడ్డా, గాలి సంగతి నీ మొగనికి తెలుసు అంది. తిరిగేది పెట్టించాను. అది కప్పు మీద పిచ్చిపట్టినట్టు గిరగిరా తిరిగింది, పొగ మాత్రం నా కళ్లలోకే వచ్చింది. అప్పుడు అత్తమ్మ మేబెల్ పక్షం చేరింది. తుకారాం విసిగిపోయి, తప్పు టోపీది కాదేమో, వెదురుకు గుడ్డ చుట్టి లోపలికి దింపి చూస్తానన్నాడు. ఎన్నడూ ఎవరికీ ఎదురు చెప్పని అత్తమ్మ, పొయ్యి ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని వద్దంది. మసి రాలి వంట పాడవుతుందట. ఊపిరాడక చస్తున్నదీ ఆమే, మసికి భయపడుతున్నదీ ఆమే. నాకు ఒళ్లు మండి, వీధి వీధంతా వినేలా అరిచాను. ఆమె కదల్లేదు.

బయట సంగతులు మరీ అయోమయం. మా మరిది ఆర్థర్ ఎండాకాలంలో సరిహద్దు దాటి బెజవాడ వైపు పోయి, నిజాం సర్కారుకు ఎదురు తిరిగిన వాళ్ల క్యాంపులో చేరాడు. తర్వాత కబురే లేదు. అతని కోసం రెండుసార్లు మా ఇల్లు సోదా చేశారు. బియ్యం డబ్బాలో చేతులు పెట్టారు, బైబిల్ దులిపారు. సెప్టెంబరు పదమూడున పోలీసు చర్య షురూ అయింది. ఇక్కడి రేడియో ఒకటి చెప్పేది, ఢిల్లీ రేడియో ఇంకొకటి. రైళ్లు ఆగిపోయాయి. మా ఆయన డ్యూటీ ఉందో లేదో తెలియక పొద్దున్నే బూట్లు తొడుక్కుని అలాగే కూర్చునేవాడు. చివరికి మేబెల్ చెప్పిన మూడో టోపీకే పురమాయించాను; అది తయారైనా, విమానాలు తిరుగుతున్నాయని తుకారాం కప్పు ఎక్కనన్నాడు.

పదిహేడు సాయంత్రం నిజాం లొంగిపోయాడన్నారు. మర్నాడు ఇండియా సైన్యం సికింద్రాబాదులోకి వచ్చింది. ఆ తర్వాతి పొద్దున తుకారాం రెండు మూతుల టోపీ తెచ్చి నిచ్చెన వేశాడు. అత్తమ్మ గోడ పట్టుకుంటూ వచ్చి నిచ్చెనకు అడ్డం నిలబడింది.

"టోపీ వద్దు తుకారాం," అంది. నా వైపు తిరిగి, "పొయ్యి సల్లార్పు బిడ్డా. వెదురు దింపమను."

వెదురు దింపితే లోపల ఏదో టంగుమంది. రెండో పోటుకు నల్లటి బిస్కెట్ల డబ్బా ఒకటి జారి బూడిదలో పడింది.

అందులో ఆర్థర్ రాసిన ఐదు ఉత్తరాలున్నాయట. కూరగాయల దేవమ్మ బుట్ట అడుగున పెట్టి తెచ్చి ఇచ్చేదట. సోదాలకు భయపడి అత్తమ్మ వాటిని గొట్టం లోపలి చిన్న అరుగు మీద దాచింది. జూలైలో ఆఖరి ఉత్తరం పెడుతుంటే డబ్బా జారి గొట్టానికి అడ్డం పడింది, మళ్లీ చెయ్యి అందలేదు. ఆమెకు చదువు రాదు. ఒక్క ఉత్తరం కూడా ఎవరిచేతా చదివించుకోలేదు. నాకు మళ్లీ కోపం తన్నుకొచ్చింది. నేను టీచరును, అదే ఇంట్లో ఉన్నాను, నాకెందుకు ఇవ్వలేదని అడిగాను.

"నీ గొంతు పెద్దది బిడ్డా. నువ్వు సదివితే మెట్టుగూడంత ఇంటది. నా కొడుకును నేనే పట్టిస్తనా?"

సిగ్గుతో తల వంచుకుని డబ్బా మూత తీశాను. కాగితాలు వేడికి మాడి, ముట్టుకుంటే పొడి అవుతున్నాయి. ఒకదాని నడిమి మడతలో మాత్రం రెండు వరుసలు మిగిలాయి. 'వదినా, ఇవన్నీ అమ్మకు మెల్లగా చదివి వినిపించు. కంగారు పడుతుంది' అని ఉంది. అది చదివి ఆగాను. మిగతాదంతా నలుపు.

అత్తమ్మ కళ్లు తుడుచుకుంటూ నా పక్కన కూర్చుంది. ఆ మసక చూపుకు కాగితం రంగు ఆనలేదు. కొడుకు ఎక్కడున్నాడో, ఎప్పుడొస్తాడో అందులో ఉందని ఆమె నమ్మకం. నేను ఆ నల్ల కాగితం వైపే చూస్తూ మొదలుపెట్టాను. బాగానే ఉన్నాను, వేళకు తింటున్నాను, అమ్మకు ఆయాసం తగ్గిందా అని రాశాడన్నాను. నా జన్మలో అంత మెల్లగా ఎన్నడూ మాట్లాడలేదు.

అత్తమ్మ నా నోటి దగ్గరికి చెవి పెట్టింది.

"జెర గట్టిగ సదువు బిడ్డా," అంది. "ఇప్పుడు ఎవరిన్నా ఫికర్ లేదు."