వెనకగది మలాములు

"ఆ జిడ్డు చేతుల్తో కౌంటరు ముట్టుకోకు," అన్నాడు భర్త తలెత్తకుండానే.

పెద్దకోడలు చేతులు వెనక్కి తీసుకుంది. భోజనానికి ఎప్పుడు లేస్తారని అడగడానికి వచ్చిన మనిషి, ఆ మాటే అడగకుండా వెనకగదికి మళ్ళింది. మళ్ళుతూ, అదే కౌంటరు మీద దర్జాగా ఆనించి ఉన్న ఇంకో జత చేతుల్ని చూడనే చూసింది. పొడిగా, శుభ్రంగా, గోళ్ళకు లేత గులాబీ రంగుతో ఉన్నాయి. చిన్నకోడలి చేతులవి. తోటికోడలి నగలు చూసి కుళ్ళుకునేవాళ్ళుంటారు, అందం చూసి కుళ్ళుకునేవాళ్ళుంటారు. పొడిచేతులు చూసి కడుపు మండిపోయే ఆడది లోకంలో తానొక్కతే అయి ఉంటుందనుకుంది.

అది పోయిన మామగారు పెట్టిన మందుల షాపు. ముందువైపు అద్దాల అలమరలు, ఫ్యాను, తిరిగే కుర్చీ ఉంటాయి. వెనకవైపు ఒక కిటికీ లేని గది, ఒక స్టవ్వు, గాజు పలక, కల్వం, త్రాసు. రోడ్డుకు అవతల చర్మం డాక్టరమ్మ ఆస్పత్రి. ఆవిడ రాసే పూతమందులు చాలావరకు కంపెనీ ట్యూబుల్లో దొరకవు. ఒక్కో రోగికి ఒక్కో పాళ్ళలో అప్పటికప్పుడు కలిపి డబ్బాకెత్తి ఇవ్వాలి. కలిపేది పెద్దకోడలు. డబ్బా మీద చీటీ అంటించి, నవ్వుతూ చేతికి అందించేది చిన్నకోడలు.

ఫార్మసీ చదివిన పిల్ల కావాలని ఏరికోరి చేసుకున్నారు పెద్దకోడల్ని. "ఈ షాపు నీదేనమ్మా," అన్నారు మామగారు పెళ్ళైన కొత్తలో. తనదే అయిన షాపులో జీతం అడగడమేమిటి, అసహ్యంగా! అందుకని అడగలేదు. ఎవరూ ఇవ్వనూ లేదు. నిరుడు వచ్చిన చిన్నకోడలిదీ అదే చదువు. కానీ వచ్చిన వారానికే అత్తగారు తీర్పు చెప్పేశారు. "చిన్నది కళగా ఉంటుంది. కౌంటర్లో కూర్చుంటే నాలుగు బేరాలొస్తాయి. పెద్దదానికి ఎలాగూ వెనకగది అలవాటేగా." అలవాటు! ఊపిరి పీల్చడం అలవాటైనట్టు చెప్పారు.

ఇప్పుడు ఆ అలవాటు ప్రకారమే జింకు పొడిని జల్లెడ పడుతోంది. చంటిపిల్లల తొడలు ఒరుసుకుపోతే పూసే పేస్టు ఇది. సగానికి సగం పొడే ఉంటుంది కాబట్టి మొండికేస్తుంది. కరిగించిన వాజలైన్ కొంచెం కొంచెం పోస్తూ మోచేతి బలమంతా పెట్టి రుద్దకపోతే ఉండలు కట్టి, పసివాడి చర్మాన్ని ఇసుకలా గీరుతుంది. దీని తర్వాత ఎవరి పాదాల పగుళ్ళకో మలాము చేయాలి. దానికి తొందర పనికిరాదు. చిటికెడు మందు పొడిని ముందు చిటికెడు వాజలైన్‌తోనే గాజు పలక మీద నూరి, ఆ ముద్దకు అంతే ముద్ద, మళ్ళీ దానికి అంతే కలుపుకుంటూ పోతే తప్ప మందు అంతటా సమంగా అందదు. జెల్లుదేమో ఇంకో గారాబం. నీళ్ళ మీద పొడి చల్లి, అదే నానేదాకా దాని మానాన దాన్ని వదిలేయాలి. ఆత్రపడి చిలికితే లోపల బుడగలు చిక్కుకుని ఇక బయటికి రావు. ఇన్ని రకాల గుణాలకు ఓర్చుకుని డబ్బా ముందుకు పంపితే, అవతల నుంచి వినపడేది ఏమిటి? "ఆ చిన్నమ్మాయి హస్తవాసి మంచిదండీ. రెండు పూటలు రాశానో లేదో, దురద చేత్తో తీసేసినట్టు పోయింది." చిన్నకోడలు కిలకిలా నవ్వుతుంది. కాదని ఒక్కనాడైనా అనదు. పెద్దకోడలు కల్వంలో ఇంకాస్త గట్టిగా రుద్దుతుంది.

ఆ మధ్యాహ్నం డాక్టరమ్మ స్వయంగా రోడ్డు దాటి వచ్చింది. ఆవిడ గొంతు వెనకగదిలోకి స్పష్టంగా వినిపించింది.

"తామరకు నేను రాసే క్రీము మీ దగ్గర వెన్నలా వస్తోంది. చేసేదెవరు? మేం పెద్ద ఆస్పత్రి కడుతున్నాం. మందులు కలిపే విభాగానికి మనిషి కావాలి. మంచి జీతం ఉంటుంది, కింద ఇద్దరు సహాయకులుంటారు, తలుపు మీద పేరుంటుంది."

పెద్దకోడలి చేయి ఆగిపోయింది. చెప్పండి. ఒక్కసారి నా ఊసెత్తండి.

"మా మరదలు చేస్తుందండీ," అన్నాడు భర్త.

"అయితే ఎల్లుండి వచ్చి, చేస్తుండగా ఒకసారి చూస్తాను."

ఆ సాయంత్రం కూరలు తరుగుతున్న భార్య పక్కన నిలబడి, అడగకుండానే సంజాయిషీ ఇచ్చాడు. "నీకెందుకు చెప్పు ఆ తిప్పలు? అమ్మ మోకాళ్ళు, పిల్లదాని బడి, ఈ వంట... నువ్వు ఉద్యోగమంటే ఇల్లేం కావాలి? ఎవరు వెళ్తేనేం, పేరు మన ఇంటికేగా. ఆ క్రీము చేయడం కాస్త చిన్నదానికి చూపించు." పక్కగదిలోంచి అత్తగారు కూడా ఒక మాట కలిపారు. "చిన్నదాని జీతం ఎటూ నా చేతికే ఇస్తానందిలే!" పెద్దకోడలు బీరకాయ చెక్కు తీస్తూనే ఉంది. నోరు తెరిస్తే ఏడుపొస్తుందో, బూతొస్తుందో తనకే నమ్మకం లేదు.

మర్నాడు చిన్నకోడలు వెనకగదిలోకి వచ్చి స్టూలు లాక్కుని కూర్చుంది.

"అక్కా, కాలేజీలో ఎప్పుడో ఒక్కసారి చేశా. అంతా మర్చిపోయా. నేర్పవా?" అని చుట్టూ చూసి నిట్టూర్చింది. "ఇక్కడెంత హాయిగా ఉందక్కా! ఎవరికీ నవ్వక్కర్లేదు. అక్కడ నవ్వి నవ్వి దవడలు పీకుతున్నాయి. పైగా ఎవరితో ఎంత నవ్వానో మీ మరిది చూస్తుంటారు."

ఇంకోనాడైతే ఆ మాట దగ్గర ఆగేదేమో. ఆ రోజు మాత్రం పెద్దకోడలికి అది ఒళ్ళు మండించే గారాబంలా వినిపించింది. ఫ్యాను కింద కూర్చునే పిల్లకు ఈ ఉక్కగది హాయట! "దానికేం, నేర్పుతాను," అంది తీయగా. నిజంగానే నేర్పింది. మైనం, నూనె ఎంతెంత తూచాలో, ఎలా కరిగించాలో, నీళ్ళు సన్నటి ధారగా ఎలా పోయాలో, చల్లారేదాకా గరిటె ఒకే వైపు ఎలా తిప్పాలో అన్నీ చెప్పింది. ఒక్కటి మింగేసింది. ఆ నీళ్ళు కూడా మైనమంత వేడిగా ఉండాలి. చల్లటి నీళ్ళు తగిలితే కరిగిన మైనం ఉన్నపళంగా గడ్డకట్టి, క్రీము విరిగిన పాలలా పలుకులు పలుకులుగా విడిపోతుంది. తను నేర్పేటప్పుడు నీళ్ళు వేడిగానే వాడింది. కానీ వాటిని ముందే కాచి పక్కన పెట్టుకున్న సంగతి చిన్నది గమనించలేదు. పెద్దకోడలు చెప్పలేదు. విరగనీ. అందరి ముందూ విరగనీ. ఆ గులాబీ గోళ్ళ నిండా పలుకులు అంటుకోనీ. ఆలోచన ఎంత నీచంగా ఉందో తెలుసు. అయినా బెల్లం ముక్కలా చప్పరిస్తూనే ఉంది.

అనుకున్న రోజు డాక్టరమ్మ వచ్చి స్టూలు మీద కూర్చుంది. చిన్నకోడలు స్టవ్వు వెలిగించి మైనం కరిగించింది. గుమ్మంలో అన్నదమ్ములిద్దరూ నిలబడ్డారు. పెద్దకోడలు వాళ్ళ పక్కనే, అలమరలో సీసాలు సర్దుతున్నట్టు నటిస్తూ ఉంది. అలమరలాగే ఈవిడకూ చెవులుండవనుకున్నారేమో.

"వదినను పంపాల్సిందేమో అన్నయ్యా," అన్నాడు మరిది గుసగుసగా. "మా ఆవిడకు ఏం రాదు."

"పిచ్చోడా, మీ వదిన వెళ్తే ఇక్కడ కలిపేదెవడు? మీ ఆవిడ కుర్చీలో రేపు ఎవర్ని కూర్చోబెట్టినా నడుస్తుంది. మీ వదిన పనికి మనిషిని పెట్టుకుంటే జీతం ఇచ్చుకోలేక చస్తాం."

పెద్దకోడలి చేతిలో సీసా అలాగే ఉండిపోయింది. ఇన్నేళ్ళూ ఆయనకు తెలియదనుకుంది. చూడలేదనుకుంది. మగవాళ్ళకు ఇవన్నీ పట్టవులే అని తనకు తనే సర్దిచెప్పుకుంది. తెలుసు! రవ్వంత తేడా లేకుండా తెలుసు. తను మందు పొడి తూచేదానికన్నా జాగ్రత్తగా తనను తూచి, విలువ కట్టి, డబ్బా మూత బిగించి వెనకగదిలో పెట్టుకున్నాడు. ఆ విలువ తెలిసినందుకే తన పేరు చెప్పలేదు. మరి తను ఎవరిని చూసి ఏడ్చినట్టు? ఎవరిని కూర్చోబెట్టినా నడిచే కుర్చీలో, దవడలు పీకేదాకా నవ్వుతున్న ఒక పిల్లను చూసి. రేపు జీతం అత్తగారి చేతిలో పోయబోతున్న పిల్లను చూసి. తన మీద తనకే అసహ్యం వేసింది. అంతకు పదింతలు కోపం వచ్చింది. కోపం ఈసారి దారి తప్పకుండా చేరాల్సిన మనిషినే చేరింది.

చిన్నకోడలు కుండలోంచి చల్లటి నీళ్ళు ముంచి, మైనం మీదికి వంచబోతోంది.

"ఆగు," అంటూ పెద్దకోడలు వచ్చి చెంబు పట్టుకుంది. "నీళ్ళు కూడా అంతే వేడిగా ఉండాలి. లేకపోతే విరిగిపోతుంది."

"మరి నిన్న చెప్పలేదేం అక్కా?"

"కావాలనే చెప్పలేదు."

"ఎందుకు?"

"కుళ్ళు," అంది పెద్దకోడలు.

ఆమె నీళ్ళు కాచింది. రెండు గిన్నెల వేడీ సరిచూసి, సన్నటి ధార కట్టి, గరిటె తిప్పుతూ పోయింది. పసుపుపచ్చటి నూనె కళ్ళముందే పాలలా తెల్లబడి, చల్లారేకొద్దీ చిక్కబడి, గరిటెను నున్నగా అంటుకుంది. డాక్టరమ్మ వేలితో కాస్త తీసుకుని ముంజేతి మీద రాసుకుంది.

"ఇదే. ఇన్నాళ్ళూ చేసింది మీరన్నమాట."

"అబ్బే, అప్పుడప్పుడు సాయం చేస్తుందండీ," అన్నాడు భర్త ముందుకొచ్చి. "తనకు ఇంటి బాధ్యతలు, రావడం కుదరదు..."

"అన్నీ నేనే చేశాను డాక్టరుగారూ. ఒకటో తారీఖు నుంచి వస్తాను. జీతం నా పేరు మీదే వేయండి."

"మరి షాపు?" అన్నాడాయన. పెళ్ళయ్యాక ఆ గొంతులో భయం వినడం ఆమెకిదే మొదలు.

"మీరూ నా చదువే చదివారుగా. కూర్చుని రుద్దండి. మొదట్లో భుజాలు నొప్పెడతాయి, తర్వాత అలవాటైపోతుంది."

డాక్టరమ్మ వెళ్ళిపోయింది. భర్త, మరిది ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుంటూ ముందుకు నడిచారు. పెద్దకోడలు సబ్బుతో చేతులు కడుక్కుంటుంటే వీపు మీద ఏదో చూపు తగిలినట్టైంది. తిరిగి చూసింది. చిన్నకోడలు చెంబు పట్టుకుని అక్కడే నిలబడి, రెప్ప వేయకుండా తననే చూస్తోంది. ఆ చూపేమిటో పెద్దకోడలికి ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. సంవత్సరం నుంచి తను ఆమెను చూసిందీ అదే చూపు. జన్మలో మొదటిసారి ఒకరు తనను చూసి కుళ్ళుకుంటున్నారు. అబ్బ, ఎంత బాగుందో!

ఆ సుఖాన్ని చేతులు తుడుచుకునేంతసేపు కరువుదీరా అనుభవించింది. తర్వాత తువ్వాలు ఆమెకు అందిస్తూ అడిగింది.

"మరి ఆ కౌంటరు నువ్వెప్పుడు మానేస్తావు?"