కొలత ముందు చెప్పమన్న టేపు

ఈలాన్ తీరంలో, చేపల రేవు చివర, సముద్రపు ఆటుపోట్లు కొలిచే చిన్న ఆఫీసు అది. అక్కడి పాత కంప్యూటరు దగ్గు, దాన్ని చూసుకునే షూఫెన్‌కు అలవాటైపోయింది. ఏళ్ల తరబడి కొలతలన్నీ దాని డిస్కులోనే ఉన్నాయి. డిస్కు నిండిపోయింది, చావుకూ దగ్గరపడింది. శుక్రవారం మధ్యాహ్నం భవనానికి కరెంటు తీసేస్తారు. ఒకసారి ఆగితే ఆ డిస్కు మళ్లీ తిరగదు. ఆలోగా కొలతలు అయస్కాంత టేపుకెక్కకపోతే అంతే సంగతులు.

వాటిలో ఎక్కువభాగం జిన్‌షుయ్ కొలిచినవి. తుఫాను రోజుల్లో కూడా కొలబద్ద దగ్గర నిలబడ్డ మనిషి. రిటైరై చాలాకాలమైంది. సంగతి తెలిసిన దగ్గర్నుంచీ రోజూ వచ్చి మూల కుర్చీలో కూర్చుంటున్నాడు. ఏమీ అడగడు. అదురు డిస్కుకు తగులుతుందేమోనని తలుపు మాత్రం మెల్లగా వేస్తాడు.

సెక్షన్ అధికారి ఫాంగ్ కూడా ఊరుకోలేదు. కంప్యూటరు మీదున్న మొక్కజొన్న చిరుతిండి ప్యాకెట్టు తేదీ దాటిపోయిందని గమనించి కొత్తది తెచ్చిపెట్టాడు. అది పైన ఉంటే యంత్రాలు బుద్ధిగా పనిచేస్తాయని అక్కడి నమ్మకం. ఆకుపచ్చదే తెచ్చాడు. పసుపుది పెడితే యంత్రాలు మొండికేస్తాయి. తర్వాత నిశ్చింతగా టీ కలుపుకున్నాడు.

చిక్కల్లా టేపుతోనే. కొలతల్ని చదివే పాత ప్రోగ్రాము వాటిని ఒకే ధారగా పోస్తుంది. మొత్తం ఎంతో అయిపోయేదాకా దానికీ తెలియదు. టేపుకెక్కించే ప్రోగ్రాముకేమో ఏది ఇచ్చినా సైజు ముందే చెప్పాలి. ఆ అంకె రాసుకోనిదే లోపలికి రానివ్వదు.

ముందు ధారనంతా ఒక ఫైలుగా పక్కన దించి, కొలిచి, టేపుకెక్కించాక చెరిపేస్తే సరిపోతుంది కదా అన్నాడు ఫాంగ్.

"దించడానికి చోటేదీ సార్?" అంది షూఫెన్.

"ఏదో ఒకటి తీసెయ్."

"ఏది తియ్యమంటారు? తుఫాన్లనా, అమావాస్యలనా?"

ఫాంగ్ టీ మరీ వేడిగా ఉందన్నాడు. పైగా ఆ డిస్కు మీద కొత్తగా ఏం రాసినా అదే దాని ఆఖరి పని అవుతుంది. నెట్‌వర్కు తీగ పెట్టే చోటు ఎప్పుడో పాడైంది. ఉన్నది టేపు ఒక్కటే.

గురువారం మధ్యాహ్నం షూఫెన్ చేప ఉండల సూప్ కోసం బండి దగ్గర వరసలో నిలబడింది. బండామె గరిటెతో సంచిలో సూప్ పోసి, రబ్బరు బ్యాండు వేసి ఇస్తోంది. ఒకటి కట్టేశాకే ఇంకొకటి. కుండలో ఎంతుందని ఆమెను ఎవరూ అడగడం లేదు. సంచిలో ఎంతుందో మాత్రం అందరికీ కనిపిస్తోంది.

షూఫెన్ వంతు వచ్చింది. ఆమె కదలలేదు.

"తల్లీ, తింటావా, నన్ను చూస్తూ నిలబడతావా?" అంది బండామె.

ఆఫీసుకు వచ్చి షూఫెన్ ఒక చిన్న ప్రోగ్రాము రాసింది. ధారను కొద్దికొద్దిగా మెమరీలో పట్టాలి. పట్టినంత కొలవాలి. ఆ కొలత చెప్పి, దాన్నొక విడి ఫైలుగా టేపు మీద పెట్టేయాలి. మళ్లీ పట్టాలి. డిస్కు మీద ఒక్క అక్షరం పడదు. కావలసినప్పుడు ముక్కల్ని వరసగా కలుపుకుంటే పాత ధారే వస్తుంది.

శుక్రవారం పొద్దున్న మొదలుపెట్టింది. టేపు కదిలింది, ఆగింది, కదిలింది. ముగ్గురూ దాన్నే చూస్తూ కూర్చున్నారు. పనిలో ఉండగానే డిస్కు ఒకసారి గట్టిగా కీచుమంది. తర్వాత దగ్గు కూడా లేదు.

జిన్‌షుయ్ లేచి నిలబడ్డాడు. "అమ్మాయ్, పోయాయా?"

"డిస్కు పోయింది బాబాయ్. టేపుకెక్కిన ముక్కలు పోవు. దేనికది కట్టేసి ఉంది."

ఆమె టేపు మీది చివరి ముక్క తెరిచి చూసింది. కొలతలు పాతవాటి నుంచి కొత్తవాటి దాకా వరసగా వచ్చాయి. జిన్‌షుయ్ రిటైరైన రోజు దాటి మరో చలికాలం దాకా ఉన్నాయి. ఆయన కొలిచినవన్నీ దక్కాయి. పోయింది ఆ తర్వాత, డిస్కు నిండేదాకా ఎక్కిన కొన్ని నెలలు. అప్పట్లో కొలబద్ద దగ్గర నిలబడింది కుర్రవాడు ఫాంగ్. ఆ సంగతి ఆమె చెప్పక్కర్లేకపోయింది. ఫాంగ్ ఆమె భుజం మీదుగా తేదీ చూశాడు.

టీ కప్పు పక్కన పెట్టాడు.

"పోతే పోయాయి," అన్నాడు ఫాంగ్. "అవి అంత సరిగ్గా ఏం లేవులే."

జిన్‌షుయ్ తన కుర్చీని చప్పుడు కాకుండా గోడ వైపు జరిపాడు. ఇక ఆ జాగ్రత్త అక్కర్లేదు.

"సరిగ్గానే ఉండేవి," అన్నాడు. "రోజూ సాయంత్రం వచ్చి నీ కొలతలు సరిచూసుకునేవాణ్ణి. నీకు చెప్పలేదంతే."