కంటపడకూడని మనిషి

ఎండుమిరపకాయల తొడిమలు తీస్తున్న కమలాకుమారికి గోడ అవతల మాటలు వినపడుతున్నాయి. మూలగదిలో కూర్చోబెట్టిన దగ్గర్నుంచి ఆమె బయటివాళ్ళ కంటపడకూడదు. ఏడాది తిరిగేదాకా గడప దాటకూడదు. పని మాత్రం గడప దాటి లోపలికి వచ్చేది. మిరపకాయలు వచ్చేవి, విసరాల్సిన కందులు వచ్చేవి, కుట్టాల్సిన బొంతలు వచ్చేవి. అవి ఆమె చేతిమీదుగా వెళ్తే ఎవరికీ అశుభం కాలేదు.

వచ్చినవాడు నందిగామ రెవెన్యూ ఆఫీసు గుమాస్తా తిరుపతిరావు. ఆమె భర్త భవానీప్రసాద్ సిపాయి. సైన్యంతో శ్రీలంక వెళ్ళి, ఎనభై ఏడు అక్టోబరులో జాఫ్నా దగ్గర చనిపోయాడు. జగ్గయ్యపేటకి శవం రాలేదు, టెలిగ్రాం వచ్చింది. పరాయి దేశంలో జరిగిన ఆ మరణాన్ని రికార్డుకి ఎక్కించేముందు, ఇంటికి వెళ్ళి భార్యాబిడ్డల వివరం రాసుకురమ్మని గుమాస్తాను పైవాళ్ళు పంపారు.

"ఆయన భార్యని ఒకసారి పిలవండి."

మామగారు రత్తయ్య గొంతు తగ్గించాడు. "కంటపడకూడదండి. ఏడాది తిరగలేదు."

"మనిషి కనపడకుండా ఉందని నేనెట్లా రాస్తానండీ?"

"వాణ్ణి కన్నతల్లి ఉందిగా. ఆవిడ పేరు రాసుకోండి."

అత్తగారు పున్నమ్మ వేలిముద్ర వేసింది. గుమాస్తా రాసింది పైకి చదివాడు. భార్య లేదు. సరేనా అని అడిగాడు. సరేనన్నాడు రత్తయ్య. శుక్రవారం పైకి పంపేస్తాననీ, పంపాక మార్చడం తనవల్ల కాదనీ చెప్పి గుమాస్తా వెళ్ళిపోయాడు.

అన్నం తెచ్చిన అత్తగారిని కమలాకుమారి అడిగింది, అట్లా ఎందుకు రాయించారని. జవాబు వసారాలోంచి మామగారు ఇచ్చాడు.

"నువ్వు వాడి పెళ్ళానివని ఊరందరికీ తెలుసు గదా. కాగితంలో లేకపోతే ఏం పోయింది?"

ఊరందరికీ తెలిసిందేమిటో ఆమెకూ తెలుసు. టెలిగ్రాం వచ్చిన రోజు ఈమె భార్యేనా అని ఎవరూ విచారించలేదు. శవమైనా లేదు గదా, ఆ కబురు నిజమో కాదో చూద్దామని ఒక్కరూ ఆగలేదు. పదోరోజున గాజులు తీయించేటప్పుడు, బొట్టు చెరిపేటప్పుడు, సూత్రం తెంపేటప్పుడు ఏ సంతకమూ అక్కర్లేకపోయింది. పుట్టింటివాళ్ళు తీసుకెళ్తామంటే మావాడి పెళ్ళాం మా ఇంట్లోనే ఉంటుందని అన్నది ఈ రత్తయ్యే. అప్పుడు ఉన్న పెళ్ళాం ఇప్పుడు లేకుండా ఎట్లా పోయింది? మూలకి భార్య కావాలి, మిరపకాయలకి భార్య కావాలి, శకునాలు చెడగొట్టడానికి భార్య కావాలి. ఆయన చావు రాసే దగ్గర మాత్రం అక్కర్లేదు. రేపు వీళ్ళే పొమ్మంటే, నేను ఫలానా ఆయన భార్యనని ఏ ఆఫీసులో చెప్పుకోవాలి? చెప్పినా ఎవరు వింటారు? ఆమె పళ్ళెం పక్కకి జరిపింది.

మర్నాడు గురువారం. రత్తయ్య చెప్పులు తొడుక్కుని పొలానికి బయల్దేరుతున్నాడు. కమలాకుమారి మూలగదిలోంచి వచ్చి, ఆయన ముందునుంచే వీధి గుమ్మం వైపు నడిచింది. ఆయన కాలు ఆగిపోయింది.

"లోపలికి పో కమలా, ఆయన బయల్దేరుతున్నారు" అంది పున్నమ్మ.

"కాసేపు కూర్చుని మంచినీళ్ళు తాగి వెళ్ళండి మావయ్యగారూ, దోషం పోతుంది. నాకు నందిగామ బస్సు టైమైంది."

ఆయన నిజంగానే కూర్చున్నాడు.

ఆఫీసులో తిరుపతిరావు తలెత్తి, మగవాళ్ళెవరూ రాలేదా అని అడిగాడు.

"రావాల్సినాయన చావు రాయించడానికేనండీ వచ్చింది."

భర్త పేరు చెప్పింది. అతను కాగితం వెతికి తీశాడు. భార్య లేదని మీ మామగారే ఒప్పుకున్నారు గదమ్మా అన్నాడు. మిరపకాయల మంట ఇంకా పోని చేతులు ఆమె బల్లమీద పెట్టింది.

"మనిషి కనపడకుండా ఎట్లా రాస్తానన్నారు గదండీ. చూసి రాయండి."