సరంగు కూతురి కళ్ళు

ఇంట్లో అందరూ పిచ్చుక అని పిలిచే ఆ అమ్మాయి డిగ్రీ మొదటి సంవత్సరం జీవశాస్త్రం చదువుతోంది. ఆ రోజు ప్రాక్టికల్ క్లాసుకి జెనెటిక్స్ మేడమ్ రంగురంగుల చుక్కలు నింపిన అట్టలు తెచ్చింది. ఒక్కొక్కరినీ పిలిచి, చుక్కల మధ్య ఏ అంకె కనిపిస్తోందో చెప్పమంది. అందరూ డెబ్భై నాలుగు అన్నారు. పిచ్చుక ఇరవై ఒకటి అంది. క్లాసంతా గొల్లుమంది.

"వేళాకోళమా?" అంది మేడమ్.

"లేదు మేడమ్. ఇరవై ఒకటే కదా?"

మేడమ్ ఆమెను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, వెలుతురులో మరికొన్ని అట్టలు చూపించింది. కొన్నింటిలో పిచ్చుకకు అంకె కనిపించనే లేదు. ఇలాంటి ఉదాహరణ క్లాసులోనే దొరికినందుకు మేడమ్‌కి హుషారొచ్చింది. సుద్దముక్క అందుకుంది.

ఎరుపు, ఆకుపచ్చ తేడా పట్టించే జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటాయి. మగవాళ్ళకి ఎక్స్ ఒక్కటే. అందులో లోపముంటే కప్పిపుచ్చడానికి ఇంకోటి ఉండదు. ఆడపిల్లకి రెండు, ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. ఒకటి చెడినా రెండోది నెట్టుకొస్తుంది. రెండూ చెడితేనే ఇలా అవుతుంది.

"అందుకే ఆడవాళ్ళలో ఇది అరుదు. తండ్రికి ఉన్న ఒక్క ఎక్సే కూతురికి వస్తుంది. అంటే మీ నాన్నగారికీ ఇది ఉండి తీరాలి."

"మా నాన్నకి లేదు మేడమ్. ఆయన లాంచీ సరంగు. కళ్ళ పరీక్ష నెగ్గకపోతే చుక్కాని ముట్టుకోనివ్వరు."

సుద్దముక్క బోర్డు మీదే ఆగిపోయింది. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. మేడమ్ గబగబా బోర్డు తుడిచేసి, "ఈ అట్టలు పాతవి, వెలిసిపోయి ఉంటాయిలే" అంది. ఆ సర్దుబాటు వినగానే పిచ్చుకకు అప్పటిదాకా తట్టని మాట తట్టింది.

రోజూ ఏరు దాటేది నాన్న లాంచీలోనే. ఆ రోజు మాత్రం వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్ళే బస్సెక్కింది.

ముందు గదిలో అమ్మ మిషను మీద ఎవరిదో గౌను కుడుతోంది.

"అమ్మా, ఒక మాట అడుగుతాను. కొట్టకు."

"కొట్టేంత మాటైతే అడక్కు."

"నేను నాన్న కూతుర్నేనా?"

మిషను చక్రం ఆగింది. "ఎవరన్నారే ఆ మాట?" అంది అమ్మ. ఆ గొంతు అమ్మదిలా లేదు.

"ఎవరూ అనలేదు. ఇవాళ్టి పాఠం అలా ఉంది."

జరిగిందంతా చెప్పింది. చెంప పగులుతుందనుకుంది. అమ్మ చెయ్యెత్తలేదు. కళ్ళ నిండా నీళ్ళు పెట్టుకుని, "అద్దంలో ఆ చెవులు చూసుకో, ఆ ముక్కు చూసుకో. కన్న కూతురికి నేను సాక్ష్యం చెప్పుకోవాలా? నువ్వు ముమ్మాటికీ..." అంటూ అంటూ ఆగిపోయింది. నెమ్మదిగా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అయితే మీ నాన్న కళ్ళు?" అంది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఉండగానే నాన్న డ్యూటీ దిగి వచ్చాడు. "ఏమే పిచ్చుకా, ఇవాళ లాంచీలో వాలలేదేం?" అన్నాడు చెప్పులు విడుస్తూ.

"ఆ బల్ల మీద ఎర్ర దారం కండె ఉంది, ఇలా ఇవ్వండి," అంది అమ్మ.

"ఈ కుట్టుపని నాకెందుకే. పిచ్చుకా, అందివ్వు."

"మిమ్మల్నే అడిగాను."

బల్ల మీద రెండు కండెలున్నాయి. పిచ్చుకకు రెండూ ఒకే మట్టిరంగులో కనిపించాయి. నాన్న కాసేపు నిలబడి, ఒకటి తీసి అందించాడు. అది ఎర్రదో కాదో పిచ్చుకకు తెలియదు. అందుకని అమ్మ మొహం చూసింది. ఆ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఇది పచ్చది," అంది అమ్మ.

నాన్న స్టూలు మీద కూలబడ్డాడు.

"చిన్నప్పట్నుంచీ తెలుసు. పరీక్షలో ఎప్పుడూ అవే అట్టలు, బట్టీ పట్టేశాను. పగలు ఏ ఇబ్బందీ లేదు. చీకటి పడ్డాక ఎదురుపడవల దీపాలు మీ తమ్ముడు చూసి చెబుతాడు."

అమ్మ తమ్ముడు అదే లాంచీలో తాళ్ళు కట్టే పని చేస్తాడు.

"వాడికి తెలుసా?"

"మొదట్నుంచీ."

మొగుడూ తమ్ముడూ కలిసి ఇన్నేళ్ళు తనను చీకట్లో ఉంచారని అమ్మకి అర్థమైంది. వెంటనే ఇంకోటి గుర్తొచ్చింది.

"పోయిన వానాకాలం వాడు జ్వరంతో పడుకున్నాడు. లాంచీ ఇసుక పడవని గుద్దింది ఆ సాయంత్రమే కదూ?"

ఆ గుద్దుడులో ఒక ప్రయాణికురాలి చెయ్యి విరిగింది. ఇసుక పడవ సరంగు అడ్డదిడ్డంగా వచ్చాడని తేల్చి అతని లైసెన్సు పీకేశారు. కుట్టించుకోడానికి వచ్చినవాళ్ళందరి ముందూ అమ్మ అతన్ని నోరారా తిట్టింది.

"పడవకి ఎడమ పక్క ఎర్రదీపం, కుడి పక్క పచ్చది. అది చూసే తప్పుకోవాలి," అన్నాడు నాన్న నేల చూపులు చూస్తూ. "ఆ వానలో ఏది ఏదో తేల్చుకోలేకపోయాను."

నాన్న తన నాన్నే. ఆ ఊరట ఇంకా గుండెకి చేరనే లేదు, ఈ మాట వచ్చి పడింది. పిచ్చుకకు ఏడుపు కూడా రాలేదు.

"రేపు ఆఫీసుకెళ్ళి చెప్పండి," అంది అమ్మ.

"ఉద్యోగం పోతుందే."

"అతనిది పోలేదా?"

ఆ రాత్రి అన్నాలకి కూర్చున్నారు. "పిల్ల కళ్ళు కూడా మీ మూలానే ఇలా అయ్యాయి," అని అమ్మ దెప్పితే పిచ్చుక ఉండబట్టలేకపోయింది.

"సగం నీదమ్మా. రెండు వైపులా వస్తేనే ఆడపిల్లకి ఇలా అవుతుంది. నీకున్న రెండో ఎక్స్ మంచిది కాబట్టి నీకు తెలియలేదు."

అమ్మ గరిట కింద పెట్టింది. "మా నాన్న పండు టమాటాలు తెమ్మంటే ఎప్పుడూ పచ్చికాయలే తెచ్చేవాడు," అంది ఎటో చూస్తూ. "ఏరుకోడానికి బద్ధకమని మా అమ్మ జీవితాంతం సాధించింది."

మర్నాడు నాన్న చెప్పేశాడు. ఆఫీసరు మొదట నమ్మలేదు. కొత్త అట్టలు తెప్పించి చూపిస్తే నాన్న ఒక్కటీ సరిగ్గా చదవలేకపోయాడు. చుక్కాని తీసేసి రేవులో తాళ్ళపనికి వేశారు. మామయ్యని కొంతకాలం పనిలోంచి నిలిపేశారు. ఇసుక పడవ సరంగు కేసు మళ్ళీ తిరగదోడి, అతని లైసెన్సు అతనికి ఇచ్చేశారు.

ఒక మధ్యాహ్నం అతను ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. బక్కపలచటి మనిషి. కొడతాడేమోనని పిచ్చుక నాన్నకి అడ్డంగా వెళ్ళింది. అతను గుమ్మం బయటే నిలబడ్డాడు. అమ్మ ఇచ్చిన మంచినీళ్ళు పుచ్చుకోలేదు.

"దీపాలు సరిగ్గానే పెట్టాననీ, నా దారిలోనే ఉన్నాననీ నాకు తెలుసు," అన్నాడు నాన్నతో. "కానీ అందరూ కాదంటుంటే, నా కళ్ళే పోయాయేమో అనుకున్నాను. లైసెన్సు మళ్ళీ ఇచ్చారు గానీ, రాత్రిపూట పడవ నడపడానికి ఇప్పుడు నాకు ధైర్యం చాలటం లేదు."

నాన్న చేతులు జోడించాడు. అతను వాటి వంక చూడకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.